214 కోట్ల 74 లక్షల 83 వేల 647

(డిగ్రీ గణితం, కంప్యూటర్స్ విద్యార్థులకు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం. బోర్డు మీద ఒక సంఖ్య రాస్తున్నాను. 2147483647. మన పద్ధతిలో చదువుదాం. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు.

కంప్యూటర్స్ పిల్లలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. మీరందరూ దీన్ని చూసే ఉంటారు. సి లోనో జావాలోనో ‘ఇంట్’ అని రాస్తే అందులో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. మరి గణితం పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చూశారా, నాలుగు చేతులు కూడా లేవలేదు. నా ఫిర్యాదు అదే. కంప్యూటర్ పుట్టక ముందు నూట డెబ్బై ఏళ్ల పైనుంచీ ఇది మన సంఖ్య. 1772లో దీనికో పెద్ద పేరు వచ్చింది. అప్పటికి మనిషికి తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ పెద్దది ఇదే.

ప్రధాన సంఖ్య అంటే మీకు చెప్పక్కర్లేదు. ఒకటి, తాను తప్ప వేరే భాజకం లేనిది. వరసలో లెక్కపెట్టుకుంటూ పోతే, 2 మొదటిది, 3 రెండోది, 5 మూడోది అనుకుంటూ పోతే, ఇది 10 కోట్ల 50 లక్షల 97 వేల 565వ ప్రధాన సంఖ్య. దీనికి ముందుది 2147483629. తరవాతది 2147483659. వెనక్కి 18, ముందుకి 12. ఈ ప్రాంతంలో ప్రధాన సంఖ్యల మధ్య దూరం సగటున 21, 22 ఉంటుంది. అంటే ఇరుగుపొరుగును చూస్తే ఇది చాలా మామూలు సంఖ్య. అటు 29తో, ఇటు 59తో అంతమయ్యే ఆ రెంటినీ ఎవరూ పట్టించుకోరు. దీనికి మాత్రం చరిత్ర ఉంది. ఎందుకు?

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. ‘ఎంత పెద్దది?’ అన్న ప్రశ్న మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఎంత పెద్దది చూపించినా దానికంటే పెద్ద ప్రధాన సంఖ్య ఉంటుందని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే నిరూపించి పెట్టాడు. ‘అది ప్రధాన సంఖ్యేనని ఎలా తెలిసింది?’ అన్నది నా ప్రశ్న. జవాబు దాని రూపంలో ఉంది.

ఏమిటా రూపం? రెండును ముప్పై ఒక్కసారి వేసుకుని గుణించండి. 2147483648 వస్తుంది. ఒకటి తీసేయండి. 2³¹−1. అంతే.

దీన్ని రెండంకెల పద్ధతిలో, అంటే సున్నా ఒకట్లతో రాస్తే వరసగా ముప్పై ఒక్క ఒకట్లు వస్తాయి. ఇక్కడ తెలుగు మాస్టారు కూడా ఉన్నారు కాబట్టి ఒక పక్కదారి పడతాను, క్షమించాలి. మీరు ఛందస్సులో ప్రస్తారం, అంటే గురులఘువుల అమరికలన్నీ వరసగా రాయడం, చదువుకుంటారు కదా. గురువు, లఘువు. రెండే రకాలు. ఇరవై అక్షరాల పాదానికి 2²⁰ రకాలు, అంటే 10,48,576. అందులో ఉత్పలమాల ఎన్నోది? మాస్టారూ, మీకు గుర్తుండే ఉంటుంది. 355799వది. ఛందస్సు పుస్తకాల్లో వృత్త సంఖ్య అని వేస్తారు. అది ఎక్కడినుంచి వచ్చింది? గురువుకు సున్నా, లఘువుకు ఒకటి వేసి, మొదటి అక్షరాన్ని ఒకట్ల స్థానంగా పెట్టుకుని భ ర న భ భ ర వ గణాలను కూడండి. 355798 వస్తుంది. ప్రస్తారంలో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి కలపండి. ఇంటికెళ్లి చేసి చూడండి, సరిగ్గా వస్తుంది. ఇప్పుడు ముప్పై ఒక్క అక్షరాల పాదం ఊహించండి. మన వృత్తాలు ఇరవై ఆరు అక్షరాల ఉత్కృతితో ఆగిపోతాయి, ఆ పైవన్నీ ఉద్ధురమాలలు, తెలుసు. అయినా ఊహించండి. అన్నీ లఘువులే. అదే విధంగా కూడితే వచ్చేది ఈ బోర్డు మీది సంఖ్య.

సరే, లెక్కలోకి వద్దాం.

రెండు ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యలు: 3, 7, 15, 31, 63, 127... వీటిలో కొన్ని ప్రధానం, కొన్ని కావు. ఘాతం సంయుక్త సంఖ్యయితే ఫలితం కూడా సంయుక్తమే. అది తేలిక. 2⁶−1 అంటే 63. ఆరులో మూడుంది కాబట్టి 63లో 7 ఉంటుంది. మరి ఘాతం ప్రధాన సంఖ్యయితే? ఫలితం కూడా ప్రధానమేనా? 2²−1, 2³−1, 2⁵−1, 2⁷−1. 3, 7, 31, 127. నాలుగూ ప్రధానాలే. ఇక్కడే పాతవాళ్లు చాలామంది మోసపోయారు. తరవాతది 2¹¹−1, 2047. అది 23 ఇంటూ 89.

1588లో ఇటలీలో కాటాల్డి అనే ఆయన 2¹⁷−1, 2¹⁹−1 రెండూ ప్రధానాలని చూపించాడు. ఎలా? మొండిగా. 524287కి వర్గమూలం దాదాపు 724. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఘాతం 23, 29, 31, 37 అయినా ప్రధానమే వస్తుందన్నాడు. నాలుగింటిలో మూడు తప్పు. 23, 37 తప్పని 1640లో ఫెర్మా చూపించాడు. 29 తప్పని 1738లో ఆయిలర్ అనే గణితజ్ఞుడు. మిగిలింది 31.

మధ్యలో, 1644లో, పారిస్‌లో ఉండే క్రైస్తవ సన్యాసి మెర్సెన్ ఒక జాబితా ఇచ్చాడు. ఘాతం 257 దాకా ఎప్పుడెప్పుడు ప్రధానం వస్తుందో ఈయన చెప్పేశాడు. ఇవాళ ఈ జాతి సంఖ్యలన్నిటికీ ఆయన పేరే. కానీ ఆ జాబితాలో ఐదు తప్పులున్నాయి. 67, 257 ఉండకూడదు, ఉన్నాయి. 61, 89, 107 ఉండాలి, లేవు. 31 ఉంది, అది కరెక్టే. ఆయన చేతిలో రుజువైతే లేదు. ఆ కాలంలో ఉండే అవకాశమూ లేదు. ఈ జాబితా మొత్తాన్ని సరిచూడడం 1947కి గానీ పూర్తి కాలేదు. తప్పుల జాబితాకు సన్యాసి పేరు శాశ్వతమైపోయింది, సరైన రుజువు ఇచ్చినవాళ్ల పేర్లు మనం పరీక్షలో రాయలేకపోతున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. మీరు ఆయిలర్ స్థానంలో ఉన్నారనుకోండి. 1772. సెయింట్ పీటర్స్‌బర్గ్. వయసు అరవై అయిదు. చూపు దాదాపు పోయింది. కాలిక్యులేటర్ లేదు. ముందు 2147483647 ఉంది. ప్రధానమా కాదా?

మొండి పద్ధతి ఏమిటి? వర్గమూలం దాకా భాగించడం. దీని వర్గమూలం 46,340 చిల్లర. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలు 4,792. అంటే పదంకెల సంఖ్యను దాదాపు 4,800 సార్లు భాగించాలి. ఒక్కటి తప్పు చేసినా మొత్తం వృథా. చేస్తారా? మీరూ చెయ్యరు, నేనూ చెయ్యను. ఆయిలరూ చెయ్యలేదు.

ఆయన ఏమన్నాడంటే, ముందు భాజకం ఎలా ఉండాలో ఆలోచిద్దాం. ఉందనుకుందాం, దాని పేరు ‘భ’ అందాం. భ ప్రధాన సంఖ్య, అది 2³¹−1ని నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే ఏమిటి? 2³¹ని భ తో భాగిస్తే శేషం 1. అవునా? అవును.

రెండు ఘాతాల శేషాలు చక్రంలా తిరుగుతాయి. 2, 4, 8, 16 అంటూ పోయి, ఎప్పుడో ఒకప్పుడు శేషం 1 వస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఆ చక్రం పొడవెంత? ముప్పై ఒకటో అడుగులో 1 వచ్చింది కాబట్టి, చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య. కాబట్టి పొడవు ఒకటైనా అవ్వాలి, ముప్పై ఒకటైనా అవ్వాలి. ఒకటి అవ్వడం కుదరదు, 2ని భ తో భాగిస్తే 1 మిగలదు కదా. కాబట్టి సరిగ్గా 31.

ఇప్పుడు ఫెర్మాను పిలుద్దాం. భ ప్రధాన సంఖ్యయితే 2ని భ−1 సార్లు గుణించి భ తో భాగిస్తే శేషం 1. మీ ద్వితీయ సంవత్సరం సిలబస్‌లో ఉంది ఇది. అంటే చక్రం పొడవు 31 అనేది భ−1ని భాగించాలి. భ బేసి, కాబట్టి భ−1 సరి సంఖ్య. కాబట్టి 62 భ−1ని భాగించాలి. అయిపోయింది. భాజకమంటూ ఉంటే అది 62 గుణిజానికి ఒకటి ఎక్కువ. మిగతా ప్రధాన సంఖ్యలను ముట్టుకోనక్కర్లేదు. ఇందాకటి 2047 చూడండి. అక్కడ ఘాతం 11. భాజకాలు 23, 89. ఇరవై రెండుకు ఒకటెక్కువ, ఎనభై ఎనిమిదికి ఒకటెక్కువ. కుదిరిందా?

ఇది ఒక జల్లెడ. ఆయిలర్ దగ్గర ఇంకోటి ఉంది. 2³¹ శేషం 1 అయితే 2³² శేషం 2. మరి 2³² అంటే 2¹⁶కి వర్గం. అంటే భ లెక్కలో 2 ఒక వర్గ సంఖ్య. ఏ ప్రధాన సంఖ్యల లెక్కలో 2 వర్గమవుతుంది? 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగిలేవాటికే. 3, 5 మిగిలేవి పోయాయి.

రెండు జల్లెడలూ కలపండి. మిగిలేవి 248 గుణిజానికి 1 కలిపినవి, లేదా 248 గుణిజానికి 63 కలిపినవి. 46,340 లోపు అలాంటి సంఖ్యలు మొత్తం 373. వాటిలో ప్రధాన సంఖ్యలు ఎనభై చిల్లర. నాలుగు వేల ఎనిమిది వందల భాగహారాలు ఎనభై చిల్లరకు దిగాయి!

మొదటిది చేద్దామా? 63 ప్రధానం కాదు. 249లో 3 ఉంది. 311, ఇది ప్రధానం. భాగించండి. 2147483647 భాగించు 311. భాగఫలం 69,05,092. శేషం 35. పోలేదు. తరవాత 497, అది 7 ఇంటూ 71, వదిలేయండి. 559, 13 ఇంటూ 43. అలా పోతూ పోతూ 1303 దగ్గర మళ్లీ ఒక ప్రధానం తగులుతుంది. శేషం 226. అదీ పోలేదు. ఇలా ఎనభై చిల్లర సార్లు చేస్తే ఒక్కసారి కూడా శేషం సున్నా రాదు. కాబట్టి ప్రధానం. ఆయిలర్ ఈ సంగతి బెర్నూలీల కుటుంబంలోని ఒక గణితజ్ఞుడికి ఉత్తరంలో రాశాడు. పెద్ద సిద్ధాంత గ్రంథమేమీ కాదు. ఉత్తరం.

ఇందులో నాకు నచ్చేది ఏమిటో తెలుసా? రుజువులో కష్టమైన భాగం భాగహారం కాదు. ఏ భాగహారాలు చెయ్యక్కర్లేదో చెప్పడం. ఇరుగుపొరుగు సంఖ్యలున్నాయే, 29తో అంతమయ్యేది, 59తో అంతమయ్యేది, వాటికి ఈ సౌకర్యం లేదు. ఆ రోజుల్లో వాటిని తేల్చాలంటే నాలుగు వేల చిల్లర భాగహారాలూ చేయాల్సిందే. రూపం ఉన్న సంఖ్యకే ఈ అడ్డదారి.

దీనికి తోడు ఇంకో ఫలం. 6, 28, 496, 8128 పరిపూర్ణ సంఖ్యలు, తెలుసు కదా, తాము కాక మిగతా భాజకాలన్నిటినీ కూడితే తామే వచ్చేవి. మెర్సెన్ ప్రధానం ఒకటి దొరికితే పరిపూర్ణ సంఖ్య ఒకటి దానంతటదే దొరుకుతుందని యూక్లిడ్ చెప్పాడు. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ అలాంటివేనని ఆయిలర్ చెప్పాడు. మన సంఖ్యను 2³⁰తో గుణిస్తే 2305843008139952128. పంతొమ్మిది అంకెలు. ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య.

1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో అనే గణితజ్ఞుడు ఈ పంతొమ్మిది అంకెల సంఖ్య గురించి రాస్తూ, ఇంతకు మించినది ఎన్నటికీ దొరకదు అన్నాడు. కారణం కూడా చెప్పాడు. ఇవి వట్టి కుతూహలానికే గానీ పనికొచ్చేవి కావు, కాబట్టి ఎవరూ శ్రమ పడరు అని! కుతూహలానికి మనిషి ఎంత శ్రమ పడతాడో ఆయనకు తెలియనట్టుంది. అరవై అయిదేళ్లు తిరిగేసరికి 1876లో ఫ్రాన్సులో లూకా 39 అంకెల 2¹²⁷−1 ప్రధానమని తేల్చాడు. పనికొస్తాయా రావా అన్న ముక్క దగ్గరికి కాసేపట్లో వస్తాను.

లూకా ఎలా తేల్చాడు? 39 అంకెల సంఖ్యకు ఆయిలర్ జల్లెడ కూడా చాలదు. ఆయన అసలు భాగహారమే మానేశాడు. ఆ పద్ధతిని 1930లో అమెరికాలో లేమర్ చక్కగా దిద్దాడు. బోర్డు మీద చూపిస్తాను, మీరు కూడా నోటితో చెయ్యండి. 4తో మొదలు. వర్గం చెయ్యి, రెండు తీసేయి. శేషం మాత్రమే ఉంచుకో. అంతే పని. 127 మీద చూద్దాం. 4. నాలుగు నాలుగులు పదహారు, రెండు తీస్తే 14. పద్నాలుగు వర్గం 196, రెండు తీస్తే 194, అందులోంచి 127 పోతే 67. తరవాత 42. తరవాత 111. నూట పదకొండు వర్గం 12321, రెండు తీస్తే 12319. దీన్ని 127తో భాగించండి. ఎంత మిగిలింది? సున్నా! సరిగ్గా ఐదో అడుగులో సున్నా వస్తే ప్రధానం, రాకపోతే కాదు. ఐదే ఎందుకు? ఘాతం ఏడు, రెండు తీస్తే ఐదు.

మరి మన సంఖ్యకు ఎన్ని అడుగులు? ముప్పై ఒకటి లోంచి రెండు. ఇరవై తొమ్మిది. ఎనభై చిల్లర భాగహారాలు ఇరవై తొమ్మిది వర్గాలకు దిగాయి. ఇదెందుకు పనిచేస్తుందో ఇవాళ చెప్పను, గంట చాలదు. కానీ ఒకటి గమనించండి. సున్నా రాకపోతే సంయుక్తమని తెలుస్తుంది, భాజకం మాత్రం తెలియదు. 2⁶⁷−1 అలాగే పాతికేళ్లకు పైగా ఉండిపోయింది. సంయుక్తమని లూకా చెప్పాడు, ముక్కలు 1903లో కోల్ చూపించాడు. ఆ కథ మీరు చాలాచోట్ల విని ఉంటారు, వదిలేస్తున్నా.

ఇప్పుడు కంప్యూటర్స్ పిల్లల దగ్గరికి వద్దాం. మీ ‘ఇంట్’ లో 32 బిట్లు. ఒకటి ధన, ఋణ గుర్తుకు పోతుంది. మిగిలినవి 31. అన్నీ ఒకట్లయితే మన సంఖ్య. దానికి ఇంకొకటి కలిపితే చాలా భాషల్లో గిర్రున తిరిగి ఋణ సంఖ్య అయిపోతుంది. 2014 డిసెంబరులో యూట్యూబ్‌లో ఒక కొరియా పాట చూసినవాళ్ల లెక్క ఈ సంఖ్యను దాటింది, కౌంటర్‌ను 64 బిట్లకు మార్చారు. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత సిస్టమ్‌లకు ఇదే గండం. మన సమయం ప్రకారం 2038 జనవరి 19, మంగళవారం, ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ లెక్క 2147483647 అవుతుంది. ఎనిమిదో సెకను దానికి పట్టదు. అప్పటికి మీరు ఉద్యోగాల్లో ఉంటారు, ఆ టెన్షన్ మీదే.

కానీ జాగ్రత్త. ఇది ప్రధాన సంఖ్య కావడానికీ ఆ గండానికీ ఏ సంబంధమూ లేదు. ఇంటర్నెట్‌లో రెంటినీ కలిపేసి ఏదో అద్భుతంలా రాస్తారు. 31 బిట్లు మిగలడం, ఘాతం 31కి ప్రధానం రావడం, కాకతాళీయం. 64 బిట్లలో మిగిలేవి 63. 2⁶³−1 ప్రధానమా? లెక్క లేకుండానే చెప్పొచ్చు, 63లో మూడుంది కాబట్టి 7 పోతుంది. గుర్తు బిట్టు లేని 32 బిట్ల గరిష్ఠం 2³²−1. అది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. అవి ప్రధానాలు కాలేదని ఏ కంప్యూటరూ బాధపడలేదు.

మరి ప్రధానం కావడమే పనికొచ్చిన చోటు ఉందా? ఉంది. యాదృచ్ఛిక సంఖ్యలు. ప్రోగ్రామ్‌లో ‘ర్యాండమ్’ అంటారే, అవి. ఇందాక చెప్పిన లేమరే, ఆ లేమరే, 1949 ప్రాంతంలో ఒక పద్ధతి చెప్పాడు. ఒక సంఖ్య తీసుకో, స్థిరమైన గుణకంతో గుణించు, ఒక పెద్ద సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో, మళ్లీ గుణించు. ఆ పెద్ద సంఖ్యగా 2147483647 పెట్టుకుని, గుణకంగా 16807 పెట్టుకుంటే వచ్చే వరస చాలా ఏళ్లు ప్రపంచమంతా నడిచింది. 1తో మొదలుపెడితే 16807, తరవాత 282475249, తరవాత 1622650073. చూడ్డానికి ఏ పొంతనా లేదు కదా.

16807 ఏమిటి? ఏడు ఐదో ఘాతం. ఎందుకు ఏడు? మన సంఖ్య లెక్కలో ఏడు ఘాతాల శేషాలు 1 నుంచి 2147483646 దాకా ఒక్కదాన్నీ వదలకుండా అన్నిటినీ చుట్టి వస్తాయి. చిన్న సంఖ్యల్లో ఆ గుణం ఉన్న మొదటిది 7. ఐదో ఘాతానికి కూడా ఆ గుణం నిలవాలంటే చక్రం పొడవులో 5 ఉండకూడదు. 2147483646 చివరి అంకె 6. ఐదు లేదు. అయిపోయింది. ఇలా అన్నిటినీ చుట్టి వచ్చే గుణకం దొరుకుతుందని హామీ ఎక్కడిది? మాడ్యులస్, అంటే భాగించే ఆ పెద్ద సంఖ్య, ప్రధానం కావడం వల్ల. అది లేకపోతే ఏమవుతుందో పక్కనే ఉదాహరణ ఉంది. 1960లలో ఐబీఎం యంత్రాల్లో ర్యాండూ అని ఒకటి వాడారు. దాని మాడ్యులస్ 2³¹. ఒక్కటే తేడా చూడండి, 647 బదులు 648! గుణకం 65539. దాన్నుంచి వచ్చే సంఖ్యలను మూడేసి చొప్పున తీసుకుని బిందువులుగా గుర్తిస్తే అవి గదంతా పరుచుకోకుండా 15 తలాల మీదే కూర్చుంటాయి. అలా ఎందుకంటే 2³¹ శేషాల లెక్కలో ప్రతి సంఖ్యా తన ముందుదానికి ఆరింతల్లోంచి, దానికి ముందుదానికి తొమ్మిదింతలు తీసేసినదే. 65539ని 2¹⁶+3గా రాసి వర్గం చెయ్యండి, మీకే తెలుస్తుంది. ఆ తప్పులో గుణకం పాపం కూడా సగం ఉందనుకోండి. మొత్తం నేరం 648 మీద వెయ్యను.

ఇంకో సౌకర్యం చెప్పి ముందుకెళ్తాను. తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషం కనుక్కోవడానికి చిన్నప్పుడు అంకెలు కూడేవాళ్లం. పదిలో ఒకటి తీస్తే తొమ్మిది కాబట్టి ఆ కిటుకు పనిచేస్తుంది. రెండు ఘాతంలో ఒకటి తీస్తే మెర్సెన్ సంఖ్య. అక్కడా అదే కిటుకు. పెద్ద సంఖ్యను 31 బిట్ల ముక్కలుగా కోసి కూడితే చాలు, భాగహారం లేదు. యంత్రానికి కూడిక చవక, భాగహారం ఖరీదు. ఈ కారణంగానే ఇవాళ సందేశాల భద్రతలో వాడే పి-521 అనే ఎలిప్టిక్ కర్వ్ పద్ధతిలో 2⁵²¹−1 పెట్టుకున్నారు. ఆ 157 అంకెల ప్రధానాన్ని 1952 జనవరిలో రాబిన్సన్ అనే గణితజ్ఞుడు తొలితరం కంప్యూటర్ మీద లూకా, లేమర్ పరీక్ష నడిపి కనుక్కున్నాడు. అప్పుడు అదీ వట్టి కుతూహలమే. బార్లో ఉంటే చూపించేవాళ్లం.

చివరిగా ఒక వింత గుణం. మన సంఖ్య ఘాతం 31. అది కూడా మెర్సెన్ ప్రధానమే, 2⁵−1. మెర్సెన్ ప్రధానాన్ని ఘాతంగా పెడితే మళ్లీ మెర్సెన్ ప్రధానం రావడం. ఇలాంటివి ప్రపంచానికి తెలిసినవి నాలుగే. 7, 127, మన 2147483647, లూకాది 2¹²⁷−1. నాలుగే! మరి ఇంకో మెట్టు ఎక్కుదామా? 2147483647నే ఘాతంగా పెట్టి ఒకటి తీసేస్తే? అది రాయాలంటే 64 కోట్ల 64 లక్షల పైచిలుకు అంకెలు కావాలి. అంత పెద్దదాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఆయిలర్ జల్లెడే పరీక్షించింది. దాని భాజకం 2147483647కి రెండింతల గుణిజానికి ఒకటెక్కువ ఉండాలి కదా. అలా వెతికితే 1983లో 295257526626031 దొరికింది. మన సంఖ్యను 1,37,490తో గుణించి ఒకటి కలపండి, అదే వస్తుంది. కోట్ల అంకెల సంఖ్యకు పదిహేను అంకెల భాజకం. కాబట్టి సంయుక్తం. లూకా సంఖ్యను ఘాతంగా పెడితే ఏమవుతుందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. ఆ సంఖ్యకు ఎన్ని అంకెలుంటాయో చెప్పడానికే ముప్పై ఎనిమిది అంకెలు కావాలి. భాజకం దొరికితే తప్ప తేలే దారి ఇప్పటికి లేదు.

నా మాట అయింది. ప్రశ్నలు అడగండి. ఆ అమ్మాయికి మైకు ఇవ్వండి.

ఏమిటమ్మా... బ్యాంకుల్లో ఆర్‌ఎస్‌ఏకి, అంటే సందేశాలను రహస్యంగా పంపే ఆ పద్ధతికి, ఈ సంఖ్యను వాడొచ్చా అని అడుగుతోంది. మంచి ప్రశ్న. వాడకూడదు. రెండు కారణాలు. ఇది చాలా చిన్నది, 31 బిట్లు. ఆర్‌ఎస్‌ఏలో ఒక్కో ప్రధానమే వెయ్యి బిట్ల పైన ఉంటుంది. రెండోది అసలుది. అక్కడ ప్రధాన సంఖ్యే రహస్యం. అందరికీ పేరుతో తెలిసిన సంఖ్య రహస్యమెలా అవుతుంది? అందుకే అక్కడ పేరూ ఊరూ లేని ప్రధానాలు కావాలి, ఇందాక 59తో అంతమైందే, అలాంటివి, ఇంకా చాలా పెద్దవి. పి-521లో అలా కాదు. అక్కడ ప్రధానం అందరికీ తెలిసినా ఫరవాలేదు, రహస్యం వేరేచోట ఉంటుంది.

ఆ వెనకబ్బాయి... ఇప్పుడు అన్నిటికంటే పెద్దది ఏదీ అంటున్నాడు. నేను పట్టదన్న ప్రశ్నే అడిగావు బాబూ! అయినా చెప్తాను. 2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ అనే ఆయన చాలా దేశాల్లోని గ్రాఫిక్స్ ప్రాసెసర్లను అద్దెకు తీసుకుని కనుక్కున్నాడు. ఘాతం 13,62,79,841. అంకెలు 4 కోట్ల 10 లక్షల 24 వేల 320. అదీ మెర్సెన్ జాతిదే, కారణం మీకిప్పుడు తెలుసు. ఖరారు చేసింది కూడా 4తో మొదలుపెట్టి వర్గం చేసి రెండు తీసేసే ఆ పరీక్షే, కాకపోతే అడుగులు 13,62,79,839.